నెలకు నూరు రూపాయలు – ఎవరి చేతిలో పెట్టాలి?



కుటుంబ సందర్శనలకు వెళ్ళినప్పుడు ఈ మధ్య ఒకే ప్రశ్న నాలుగైదు ఇళ్ళలో విన్నాను. "ఫాదర్ గారూ, నెలకు ఒక నూరో, రెండు వందలో పక్కన పెట్టగలం. ఎవరికి పంపితే అది నిజంగా పేదవాడి దాకా వెళ్తుంది?" అని. అడిగినవారెవరూ కలవారు కారు. ఫిషింగ్ హార్బరులో చేపల బుట్టలు మోసే తల్లి, పోర్టులో రోజుకూలీ చేసే తండ్రి, కురుపాం మార్కెట్ పక్కన చిన్న కొట్టు పెట్టుకున్న దంపతులు, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని ఎప్పుడు పోతుందోనని దిగులుగా ఉన్న కుర్రవాడు. వీరి నూరు రూపాయలు ఊరకే వచ్చిన నూరు కాదు. అందుచేత "మీకు తోచినవారికి ఇవ్వండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు" అని చెప్పి లేచి రావడం గురువు చేయదగిన పని కాదనిపించినది.

ఇదే వన్ టౌన్‌లో మరొక ఇంట్లో వేరే మాట విన్నాను. ఒక షాపింగ్ మాల్ ముంగిట చక్కగా మాట్లాడే యువకుడొకడు ఆకలితో ఉన్న బిడ్డ ఫోటో చూపించి, ఆ ఇంటి యజమాని బ్యాంకు వివరాలు తీసుకొని, సంతకం పెట్టించుకున్నాడట. నెలనెలా ఎనిమిది వందలు ఖాతాలోనుండి పోతున్నట్లు పిల్లవాడి ఫీజు కట్టవలసిన రోజున గాని ఇల్లాలికి తెలియలేదు. ఆ సొమ్ము ఏ ఊరిలో ఏ పనికి ఖర్చవుతున్నదో వారికి నేటికీ తెలియదు. "ఇక మీదట గుడిలో కానుక తప్ప ఎవరికీ పైసా ఇవ్వను ఫాదర్" అన్నది ఆమె. ఆ సంస్థ దొంగ సంస్థ అని నేను అనను, అయి ఉండకపోవచ్చు. నాకు బాధ కలిగించినది పోయిన డబ్బు కాదు, ఒక దయగల చేయి ముడుచుకుపోవడం. ఒకసారి కాలిన చేయి మళ్ళీ చాచడం కష్టం. అప్పుడు నష్టపోయేది ఆ ఇల్లాలు ఒక్కతే కాదు, ఆమె ఇవ్వబోయే తరువాతి నూరు రూపాయల కోసం ఎక్కడో ఎదురు చూస్తున్న పేదవాడు కూడా.

కనుక ఈ వారం మన పాఠం దానం చేయాలా వద్దా అన్నది కాదు. చిన్న మొత్తాన్ని, క్రమం తప్పకుండా, మన కంటికి కనిపించని చోటుకు పంపదలచినవారు మధ్యలో ఉండే చేతులను ఎలా ఎంచుకోవాలి అన్నది.

కొరింతు రేవులో ఎత్తిన చందా

పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 16వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఒకసారి తీసి చదవండి. సాధారణంగా మనం 13వ అధ్యాయంలోని ప్రేమ దగ్గర, 15వ అధ్యాయంలోని పునరుత్థానం దగ్గర ఆగిపోతాము. తరువాతి పేజీ తిప్పము. అంత ఎత్తుకు వెళ్ళిన అపొస్తలుడు ఆ వెంటనే చందా సంగతిలోకి దిగుతారు. కొరింతు కూడా మన విశాఖవంటి రేవు పట్టణమే. తూర్పున ఒక రేవు, పడమట ఒక రేవు. నావికులు, కూలీలు, వర్తకులు, బానిసలు. అక్కడి సంఘంలో గొప్పింటివారు ఎక్కువమంది లేరని అదే లేఖ మొదటి అధ్యాయంలో పౌలు గారే గుర్తు చేస్తారు. అటువంటివారిని ఆయన సముద్రానికి ఆవలనున్న యెరూషలేము పేదల కొరకు అడుగుతున్నారు.

అడిగిన పద్ధతి చూడండి. వారంలో మొదటి దినాన ప్రతివారూ తమకు కలిగినదానినిబట్టి కొంత తీసి దాచాలి. తాను వచ్చిన రోజున హడావుడిగా వసూళ్ళు పెట్టకూడదు. ఆ సొమ్మును చేరవేసేవారిని కొరింతువారే నిర్ణయించాలి. పౌలు గారు పరిచయ లేఖలు మాత్రం ఇస్తారు. అవసరమైతే తానూ వెంట వెళ్తారు. రెండవ లేఖ 8వ అధ్యాయానికి వచ్చేసరికి ఈ జాగ్రత్త ఇంకా పెరిగినది. తీతును ఒక్కడినే పంపక, సంఘాలు ఎన్నుకున్న మరొక సహోదరుని తోడు ఇచ్చి పంపుతున్నారు. ఇంత సొమ్ము విషయంలో తమను ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని యెదుటనే కాక మనుష్యుల యెదుట కూడా పని సక్రమంగా ఉండాలని కారణం చెబుతారు. మూడవ ఆకాశం వరకు కొనిపోబడిన మనిషి, లెక్క విషయంలో "నన్ను నమ్మండి" అని అనలేదు!

మరియదళం సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు: "కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పారు కదా, ఇచ్చిన తరువాత లెక్క అడగడం అల్పబుద్ధి కాదా?" అని. మంచి ప్రశ్న. అయితే మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు ఖండించినది ఇచ్చేవాడి డాంబికాన్ని. బాకా ఊదుకొని ఇవ్వవద్దు అన్నారు గాని, పుచ్చుకొని పంచేవాడు లెక్క చెప్పనక్కరలేదని అనలేదు. ఇచ్చేవాడు తన పేరు దాచుకోవాలి. పంచేవాడు తన లెక్క దాచుకోకూడదు. ఈ రెండూ వేర్వేరు ధర్మాలు. వీటిని కలిపివేసి లాభపడినవారు చాలామంది ఉన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవారు ఊరకే అనలేదు. (ఈ సామెత చెప్పేటప్పుడు గురువులమైన మేము కూడా కొంచెం గొంతు సవరించుకోవలసినదే.)

లియోన్ నగరపు కాసు

మన వన్ టౌన్ వారికి ఈ సంగతి మరీ దగ్గరిది. 1838లో అన్నెసీలో ఫాదర్ పియేర్ మరీ మెర్మియే గారు స్థాపించిన పునీత ఫ్రాన్సిస్ సలేసు సభ గురువులు 1846లో ఈ తీరంలో అడుగుపెట్టారు. 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ పాఠశాల ముందు నుండి మనం రోజూ నడుస్తాము. రాస్ హిల్ మీద మరియమాత గుడి గంట మన ఇళ్ళలోకి వినబడుతుంది. ఆ గురువులు కట్టలుగా ధనం తెచ్చుకొని రాలేదు. ఆ కాలంలో ప్రపంచమంతటా ఉన్న ఇటువంటి మిషన్లకు ఊతంగా నిలిచినది విశ్వాస వ్యాప్తి సంఘం. దానికి మూలం ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పోలిన్ జారికో అనే యువతి. 1799లో పుట్టినది. పట్టు మిల్లులలో పనిచేసే ఆడపిల్లలను కూడగట్టి, వారానికి ఒక్క సూ చొప్పున వేయించినది. సూ అంటే ఫ్రాంకులో ఇరవయ్యవ వంతు, మన పాత కాసువంటిది. 1822 మే 3న ఈ ప్రయత్నమే సంఘంగా రూపొందినది. వేదవ్యాపక ఆదివారం నాడు నేడు మనం వేసే కానుక ఆ కాసుకు వారసురాలే.

ఆమె పెట్టిన ఏర్పాటు చిన్నది, కాని చాలా తెలివైనది. ఒకరు పదిమంది దగ్గర వసూలు చేస్తారు. అటువంటి పదిమంది తమ వసూళ్ళను నూరుమందికి బాధ్యురాలైన ఒకరికి అప్పగిస్తారు. అటువంటి పది నూర్లకు మరొకరు. అంటే తన కాసు పుచ్చుకున్నది ఎవరో ప్రతి మనిషికీ ముఖపరిచయం. తరువాత మిషన్లనుండి వచ్చిన ఉత్తరాలు అచ్చువేసి, పదిమందికి ఒక ప్రతి చొప్పున చేతులు మార్చుకుంటూ చదివేవారు. కాసు ఇచ్చిన నేతపిల్లకు అది వెళ్ళిన దేశపు సంగతులు తెలిసేవి. చందా పైకి వెళ్ళినట్లే సమాచారం కిందికి వచ్చేది.

అదే పోలిన్ జారికో జీవితంలో రెండవ ఘట్టం అంతగా ఎవరూ చెప్పుకోరు. పనివారికి న్యాయమైన కూలీ, మర్యాదగల బ్రతుకు ఉండే కర్మాగారం నడపాలని ఆమె 1840లలో రుస్త్రెల్ అనే చోట ఇనుప కొలుముల కర్మాగారం కొన్నది. ఆశయం గొప్పది. సొమ్ము పెట్టినవారిలో చిన్నచిన్న పొదుపులు అప్పగించినవారూ ఉన్నారు. అయితే నిర్వహణ అప్పగించిన మనుషులు మోసగాళ్ళు. అంతా కూలిపోయినది. ఆమె మిగిలిన జీవితమంతా ఆ చిన్నవారి బాకీలు తీర్చడానికే తిరిగి, 1862లో కటిక పేదరాలిగా మరణించినది. 2022 మే 22న లియోన్‌లో ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు.

ఒకే హృదయం, ఒకే భక్తి, రెండు పనులు. ఒకటి రెండు వందల ఏళ్ళు దాటి నిలిచినది, మరొకటి కొద్ది ఏళ్ళలో పోయినది. మొదటిదానిలో డబ్బు ప్రతి అంచెలో తెలిసిన మనుషుల చేతిలో, పదిమంది కళ్ళ ముందు నడిచినది. రెండవదానిలో సదాశయాన్ని నమ్మి సొమ్మంతా కొద్దిమంది చేతిలో పెట్టారు. స్థాపకులు పుణ్యాత్ములు కావడం ఒక సంస్థకు పూచీకత్తు కాదు అనడానికి ఇంతకంటె ఉదాహరణ నాకు తెలియదు. "వారు చాలా మంచివారు ఫాదర్" అని ఎవరైనా ఒక సంస్థను నాకు సిఫారసు చేసినప్పుడు, "సంతోషం, లెక్క ఎవరు చూస్తారు?" అని అడుగుతాను.

ఎవరు నిర్ణయిస్తున్నారు?

లెక్క సక్రమంగా ఉంటే చాలునా? చాలదు. రూపాయి కూడా తేడా లేకుండా, ఎవరికీ అక్కరలేని పని చేసే సంస్థలు ఉన్నాయి. బోరు వేయించి, రాతిపలక మీద పేర్లు చెక్కించి, ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. ఏడాదికి బోరు పంపు పాడవుతుంది. బాగు చేసే బాధ్యత ఎవరిదో ఊరిలో ఎవరికీ తెలియదు. బిల్లు మాత్రం ఫైలులో భద్రంగా ఉంటుంది.

ఇక్కడ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మనకు దారి చూపుతుంది. దినదినం జరిగే పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైనది. అపొస్తలులు ఆ సణుగుడును కృతఘ్నత అనలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికే చెప్పారు. ఎన్నికైనవారి పేర్లు చదవండి: స్తెఫాను, ఫిలిప్పు, ప్రొకోరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నికోలాసు. ఏడూ గ్రీకు పేర్లే! ఎవరికి అన్నం అందలేదో ఆ వర్గంనుండే వడ్డించేవారు వచ్చారు. పంక్తిలో చివర కూర్చున్నవాడికి గరిటె ఇవ్వడం అన్నమాట. అట్టడుగునుండి పనిచేసే సంస్థ అంటే ఏమిటని నన్నడిగితే, ఈ ఏడు పేర్లే చూపిస్తాను. సాయం పొందేవారిలో ఎంతమంది ఆ సంస్థ నిర్ణయాలలో కూర్చుంటున్నారు? ఏ పని కావాలో ఎవరు చెప్పారు? ఫిర్యాదు చేసినవారికి ఏమి జరిగినది?

మన రాష్ట్రంలోనే అందరూ ఎరిగిన ఉదాహరణ అనంతపురంలోని గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆర్.డి.టి. దాని స్థాపకుడు విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో జన్మించారు. 1952లో యేసుసభ సభ్యునిగా మన దేశం వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో పనిచేస్తుండగా 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చినది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి, కరువుసీమ అనంతపురంలో పని మొదలుపెట్టారు. 1970లో యేసుసభను విడిచి గృహస్థులైనారు; ఈ సంగతిని దాచవలసిన పని లేదు, దానివల్ల ఆయన చేసిన మేలు తగ్గదు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. ఆయన పనికి బలం పెద్ద ధనవంతులు కాదు, స్పెయిన్‌లో నెలకు కొద్ది మొత్తం పంపే సామాన్య కుటుంబాలు. మనం పంపాలనుకుంటున్న నూరు రూపాయలకు అవి అక్కచెల్లెళ్ళు. ఆ చిన్న మొత్తాలతో బడులు, ఇళ్ళు, నీటి పనులు, బత్తలపల్లి ఆసుపత్రి లేచాయి. నాకు మరింత నచ్చినది ఒకటున్నది. కొంతకాలానికి అదే పల్లెల ఇళ్ళలో హుండీలు వెలిశాయి. సాయం పుచ్చుకున్న కుటుంబాలే రూపాయి రూపాయి వేసి తమకంటె లేనివారికి పంపడం నేర్చుకున్నాయి. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ప్రశ్నార్థకమైనప్పుడు అనంతపురం ప్రాంతంలో జనం రోడ్ల మీదికి వచ్చారు. ఒక సంస్థ మూతబడుతుందంటే కదిలేది దాని సిబ్బంది ఒక్కరేనా, ఊరు కూడానా? ఏ నివేదికలోనూ దొరకని పరీక్ష అది.

ఇంకొక ఉదాహరణ మన కొండలనుండే. బొర్రా, అనంతగిరి ప్రాంతపు గిరిజనులతో పనిచేసిన సమత అనే చిన్న సంస్థ, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడంపై కోర్టుకు వెళ్ళినది. 1997 జులై 11న సుప్రీం కోర్టు అటువంటి లీజులు చెల్లవని తీర్పు ఇచ్చినది. దేశమంతటా గిరిజన భూముల గురించి మాట్లాడేవారు నేటికీ ఆ తీర్పును సమత తీర్పు అనే పిలుస్తారు. ఇప్పుడు ఆలోచించండి. అటువంటి సంస్థకు ఇచ్చిన నూరు రూపాయలతో ఎన్ని దుప్పట్లు పంచారని అడిగితే ఏమి చెబుతారు? లాయరు దగ్గరికి వెళ్ళిన బస్సు చార్జీ, జిరాక్సు కాగితాలు, గ్రామసభలో కూర్చున్న రాత్రులు. ఫోటోకు పనికివచ్చేది ఏమీ లేదు. కాని ఒక ఊరి భూమి ఊరికి మిగిలినది. అందుచేత "నూరు రూపాయలకు ఎన్ని భోజనాలు" అన్న ఒకే కొలతతో అన్ని సంస్థలనూ తూచకండి.

ఈ సందర్భంలోనే జీతాల సంగతి. "మొత్తంలో ఎనభై శాతం జీతాలకే పోతున్నదట" అని ఆవేశపడేవారు ముందు ఆ జీతం ఎవరిదో అడగాలి. కొండమీది ఊరికి నడిచి వెళ్ళే నర్సు జీతం ఖర్చు కాదు, అదే సేవ. బడిలో పంతులమ్మ జీతం కూడా అంతే. పట్నంలో ఆఫీసు అద్దె, కార్లు, ప్రకటనలు, చందాదారులను పోగుచేసే బయటి ఏజెన్సీలకు చెల్లింపులు వేరు. మాల్ ముంగిట నిలబడే యువకులలో చాలామంది ఆ సంస్థ పనివారు కారు, ఏజెన్సీ కూలీలు. ఇది ప్రపంచమంతా ఉన్న పద్ధతి. వారిని కసురుకోవద్దు, వారూ పొట్టకూటికి నిలబడినవారే. అయితే ఏ సంస్థకైనా నిలబడిన చోట, పది నిమిషాలలో, బ్యాంకు వివరాలు ఇవ్వకండి. కాగితం తీసుకొని ఇంటికి రండి. ఇంటిలో ఇద్దరూ మాట్లాడుకోండి. మంచి సంస్థ అయితే వచ్చే వారం కూడా మీ నూరు రూపాయలు పుచ్చుకుంటుంది.

ఫోటోలోని బిడ్డ

చాలామందిని కదిలించేది ఒక బిడ్డ ఫోటో, పేరు, నెలకు ఇంత అని. 1998లో అమెరికాలోని షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఇటువంటి కార్యక్రమాలను పరిశోధించి వరుస కథనాలు ప్రచురించినది. ఆ పత్రికవారే దాతలుగా చేరి, తమ సొమ్ముతో పోషింపబడుతున్నారన్న పిల్లలను వెదుక్కుంటూ వెళ్తే, ఒక బిడ్డ అప్పటికే చనిపోయినదని, ఆ తరువాత కూడా చందా వసూలవుతూనే ఉన్నదని తేలినది. నిజాయితీగల సంస్థలు ఆ తరువాత ఒక మాట బయటికి చెప్పడం నేర్చుకున్నాయి: మీ డబ్బు ఆ ఒక్క బిడ్డ చేతికి పోదు, ఆ ఊరి పిల్లలందరి కొరకు ఒక నిధిలో చేరుతుంది అని. అలా చేరడమే న్యాయం కూడా. ఒకే వీధిలో ఒక బిడ్డకు సంచీ, చెప్పులు వచ్చి, పక్కింటి బిడ్డ చూస్తూ నిలబడడం ఏ తల్లికి బాగుంటుంది? ఆ సంగతి ముందే చెప్పే సంస్థను నమ్మవచ్చు. బిడ్డ కన్నీటి ముఖాన్ని, ఇంటి పేరును, జబ్బును గోడకెక్కించే సంస్థకు దూరంగా ఉండండి. మన బిడ్డ ఫోటో అలా వేస్తే మనం ఒప్పుకుంటామా?

కాగితాలు, చట్టాలు

ఇది క్లుప్తంగా చెబుతాను. సంస్థ రిజిస్ట్రేషను, ఆడిటరు సంతకం చేసిన గత మూడేళ్ళ లెక్కలు, పాలకవర్గం పేర్లు అడగండి. అందరూ ఒకే ఇంటివారైతే జాగ్రత్త. నీతి ఆయోగ్ వారి దర్పణ్ జాబితాలో పేరు ఉన్నదా చూడండి. ఉంటే ఆ సంస్థ నమోదైనదని అర్థం, మంచిదని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. పన్ను రాయితీ కావలసినవారు నగదుగా రెండు వేలకు మించి ఇవ్వకండి, దానికి రాయితీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు. నెలకు నూరు ఇచ్చేవారిలో ఎక్కువమందికి ఈ బెంగ ఉండదనుకోండి.

విదేశీ విరాళాల చట్టం మాత్రం కొంచెం తెలుసుకోదగినది. 2010 నాటి చట్టానికి 2020లో సవరణ వచ్చినది. దానితో విదేశీ సొమ్ము పుచ్చుకున్న సంస్థ దానిని మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చుల పరిమితి యాభై శాతంనుండి ఇరవైకి తగ్గినది. సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. పెద్ద సంస్థ ద్వారా విదేశీ సాయం అందుకుంటూ వచ్చిన కొండమీది చిన్న సంఘానికి ఆ దారి మూసుకుపోయినది. మన దేశంలోనే, మన రూపాయలలో వచ్చే చందాకు ఈ అడ్డు లేదు. అందుచేత ఒకప్పుడు దూరదేశపు సూ చేసిన పని నేడు వన్ టౌన్ నూరు రూపాయలు చేయవలసి ఉన్నది.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా తల్లిదండ్రుల ద్వారా అడిగిస్తున్నారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదననుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది. అప్పుడు పుచ్చుకునే సంస్థకు అనుమతి ఉండి తీరాలి. "నేను మీ ఊరివాణ్ణే కదా" అంటే చట్టం వినదు. చిన్న సంస్థను తెలియక చిక్కులలో పడవేయకండి.

మన సొంత సంస్థల సంగతి? మన మేత్రాణులు 1962లో స్థాపించిన కారితాస్ ఇండియా ఉన్నది; నూట అరవైకి పైగా సభ్య సంస్థలున్న ప్రపంచ కారితాస్ కుటుంబంలో అది ఒకటి. తపస్సు కాలంలో మనం వేసే కానుకలు అక్కడికి చేరుతాయి. మన మేత్రాసనాలకు సాంఘిక సేవా సంస్థలు ఉన్నాయి. మనవి కనుక ప్రశ్నలు అడగకూడదని అనుకోవద్దు. పౌలు గారినే అడగవచ్చునంటే మమ్ములను అడగరాదా? విచారణ లెక్కలు గుడి తలుపుకు అంటించినప్పుడు ఆగి చదివేవారు ముగ్గురో నలుగురో ఉంటారు. వారంటే నాకు గౌరవం.

దగ్గరా, దూరమా?

"మన వాడలోనే లేనివారుంటే ఎక్కడివారికో ఎందుకు?" అన్నది చివరి చిక్కు. పునీత తోమాసు అక్వినాసు ఈ ప్రశ్నను తన మహాగ్రంథంలో తీసుకున్నారు. మనకు దగ్గరివారిపట్ల మన బాధ్యత ఎక్కువ అని ముందు ఒప్పుకుంటారు. అయితే అక్కడితో ఆగరు: ఎవరి అవసరం ఎంత తీవ్రమైనది, ఎవరికి చేసిన మేలు పదిమందికి పాకుతుంది అన్నది కూడా తూచమంటారు. అంటే దూరం ఒక్కటే కొలబద్ద కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని ఊడ్చినప్పుడు ఎక్కడెక్కడివారో మనకు పంపారు. వారి వాడలలో పేదలు లేకనా? కొరింతువారికి పౌలు గారు చెప్పినది కూడా ఇదే: నేడు మీకున్నది వారి కొరతను తీర్చితే, రేపు వారికున్నది మీ కొరతను తీర్చవచ్చు. పక్కింటి ముసలమ్మకు పెట్టే అన్నం మానివేసి దూరానికి పంపమని ఎవరూ చెప్పడం లేదు. ఆ అన్నానికి సంస్థ అక్కరలేదు, గిన్నె చాలు. నెలవారీ నూరు రూపాయలు మన గిన్నె చేరలేని చోటికి.

ఎలా మొదలుపెట్టాలి? జారికో పద్ధతే నాకు మేలనిపిస్తుంది. ఒక వీధిలో పది కుటుంబాలు కలవండి. నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. చిన్న సంస్థకు ఇది ఒక సాయంకాలపు బడికి ఆధారం. నూరు కూడా కష్టమైన ఇల్లు యాభై వేయవచ్చు. బియ్యం కూడా వేయవచ్చు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘపు తల్లులు 1910నుండి వంట వండినప్పుడల్లా గుప్పెడు బియ్యం పక్కన తీసి తమ సంఘ పనులను నడిపిస్తున్నారు. మంచి అలవాటు మన సంఘానిది కాకపోయినా నేర్చుకోవచ్చు. పదిమంది కలిసి ఒక ఉత్తరం వ్రాస్తే జవాబు వస్తుంది. ఒక్కరు వ్రాస్తే రాకపోవచ్చు. ఏ సంస్థ జవాబు వ్రాస్తుందో, అడిగినదానికే వ్రాస్తుందో, రంగుల పుస్తకం పంపి ఊరుకుంటుందో చూడండి. మీరు ఎంచుకున్నది అరకు వైపో, పాడేరు వైపో ఉంటే ఏడాదికి ఒకసారి ఇద్దరు వెళ్ళి రండి. అరకుకైతే కిరండూల్ పాసింజరు ఉండనే ఉన్నది. చార్జీ చందాలోనుండి తీయకండి. ముందుగా చెప్పి వెళ్ళండి, టిఫిను కట్టుకొని వెళ్ళండి. అతిథుల భోజనం ఆ ఊరికి భారం కాకూడదు. ఆఫీసులో కూర్చున్నంతసేపు ఊరి ఆడవారి దగ్గర కూడా కూర్చోండి. "మీరు ఏమి అడిగారు, ఏమి వచ్చినది?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

బ్యాంకు ద్వారా నెలనెలా పోయే ఏర్పాటు చేసుకుంటే, దానిని ఎలా ఆపాలో కూడా ఆ రోజే తెలుసుకొని కాగితం మీద వ్రాసిపెట్టుకోండి. ఇంట్లో ఇద్దరికీ తెలియాలి. ఒకసారి ఎంచుకున్న తరువాత మూడేళ్ళయినా నిలకడగా ఇవ్వండి. ప్రతి ఆరునెలలకు ఒక సంస్థను మార్చేవారివల్ల ఏ పనీ వేళ్ళూనదు. మానుకోవలసిన పరిస్థితి వస్తే సిగ్గుపడకండి. ఉద్యోగం పోవచ్చు, జబ్బు రావచ్చు. కాని చెప్పకుండా ఆపకండి. మూడు నెలల ముందు ఒక కార్డు వ్రాయండి. అక్కడ మీ పదిమంది చందాను నమ్ముకొని జీతానికి పెట్టుకున్న ఒక ఆయా ఉండవచ్చు.